ఎండలో పరుగు

పరుగు అనగానే మనకు ఏం గుర్తొస్తుంది? బస్సు కోసం పరుగు. మబ్బు పడితే ఆరబోసిన మిరపకాయల కోసం పరుగు. పిల్లవాడికి ఒళ్ళు కాలితే ఆస్పత్రికి పరుగు. పని మీద పరుగెత్తడమే తప్ప, పరుగు కోసం పరుగెత్తడం మనలో చాలామందికి అలవాటు లేదు.

కానీ అలా పరుగెత్తేవాళ్ళు లోకంలో లక్షల మంది ఉన్నారు. వాళ్ళంతా పేరున్న క్రీడాకారులు కారు. వడ్రంగులు ఉన్నారు. టీచర్లు ఉన్నారు. నర్సులు ఉన్నారు. పిల్లల్ని బడికి పంపి ఇల్లు చక్కబెట్టుకునే ఆడవాళ్ళూ ఉన్నారు. తెల్లవారుజామున లేచి రోడ్డు మీద పరుగెత్తుతారు. తరవాత ఎవరి పనికి వాళ్ళు పోతారు. ఏడాదికి ఒకటో రెండో పందేల్లో పాల్గొంటారు.

రోడ్డు మీద జరిగే పందేల్లో పేరున్నది మారథాన్. దాని దూరం 42 కిలోమీటర్ల 195 మీటర్లు. విజయవాడలో బయలుదేరితే గుంటూరు దాటిపోతాం. అంత దూరం ఆగకుండా పరుగెత్తాలి. అదీ ఎండలో అయితే?

వేసవిలో జరిగిన రెండు మారథాన్ల సంగతి ఈ పాఠంలో చదువుదాం. ఒకటి మగవాళ్ళది. రెండోది ఆడవాళ్ళది. "ఎక్కడో ఎవరో పరుగెత్తితే మనకేమిటి?" అని అడగొచ్చు. మిరప చేలో, పత్తి చేలో, ఇటుక బట్టీలో, రోడ్డు పనిలో ఎండలో ఒళ్ళు వంచేవాళ్ళం మనం. పరుగెత్తేవాడి ఒంట్లో జరిగేదే మన ఒంట్లోనూ జరుగుతుంది.

వడ్రంగి పరుగు

1912 జూలై 14. స్వీడన్ దేశంలో స్టాక్‌హోమ్ నగరం. అక్కడ ఒలింపిక్ పోటీలు జరుగుతున్నాయి. స్వీడన్ చలి దేశం. అయినా ఆ రోజు ఎండ మండిపోతోంది. 32 డిగ్రీల దాకా ఉంది. "ముప్ఫై రెండేనా? మాకది చలికాలం" అని మీరు నవ్వొచ్చు. నవ్వండి. కానీ పరుగెత్తేవాడికి 32 డిగ్రీలు తక్కువ కాదు. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

పందెం మధ్యాహ్నం పెట్టారు. 68 మంది బయలుదేరారు. వాళ్ళలో ఫ్రాన్సిస్కో లాజారో ఒకడు. పోర్చుగల్ దేశం వాడు. లిస్బన్ నగరంలో కార్లు తయారుచేసే కార్ఖానాలో వడ్రంగి. పరుగు అతనికి కూడు పెట్టే పని కాదు, ఇష్టమైన పని. పోర్చుగల్ ఒలింపిక్సుకు మనుషుల్ని పంపడం అదే మొదటిసారి. ఆ జట్టు ముందు జెండా పట్టుకుని నడిచింది ఈ వడ్రంగే.

ఎండకు ఒళ్ళు కమిలిపోకుండా లాజారో ఒంటికి మైనం పూసుకున్నాడని చెబుతారు. కొందరు కొవ్వు అంటారు. ఏదైనా ఒకటే. ముప్ఫై కిలోమీటర్ల దగ్గర తూలి పడిపోయాడు. ఆస్పత్రికి తీసుకెళ్ళారు. మర్నాడు పొద్దున చనిపోయాడు. ఇంకా ముప్ఫై ఏళ్ళు కూడా నిండని మనిషి.

అదే పందెంలో జపాన్ కుర్రవాడు ఒకడున్నాడు. పేరు షిజో కనకురి. సగం దూరం దాటాక ఎండకు ఇక తాళలేకపోయాడు. దారి పక్కన ఒక ఇంటి తోట కనపడితే అందులోకి వెళ్ళాడు. ఆ ఇంటివాళ్ళు తాగడానికి ఇచ్చారు. అక్కడే సేదతీరాడు. మళ్ళీ పందెంలోకి వెళ్ళలేదు. సిగ్గుపడి, పందెం పెట్టినవాళ్ళకు చెప్పకుండానే తన దేశానికి వెళ్ళిపోయాడు. వాళ్ళ లెక్కలో కనకురి 'తప్పిపోయిన మనిషి' అయ్యాడు!

తరవాత 1920లో, 1924లో కూడా కనకురి ఒలింపిక్సులో పరుగెత్తాడు. 1967లో స్వీడన్ వాళ్ళు అతన్ని పిలిచారు. "నీ పందెం ఇంకా పూర్తి కాలేదు, వచ్చి పూర్తి చెయ్యి" అన్నారు. అప్పటికి అతనికి 75 ఏళ్ళు. వెళ్ళాడు. నవ్వుతూ గీత దాటాడు. పట్టిన కాలం 54 సంవత్సరాల 8 నెలల 6 రోజులు, పైన కొన్ని గంటలు. అంత నెమ్మదిగా పూర్తయిన మారథాన్ మరొకటి లేదు. కనకురి 92 ఏళ్ళు బతికాడు.

ఆగిపోయినందుకు సిగ్గుపడ్డాడు గానీ, నన్నడిగితే ఆ రోజు తెలివైన పని చేసింది కనకురే.

కుండ చెప్పే సంగతి

లాజారో ఎందుకు చనిపోయాడు? దీనికి మన ఇంట్లో ఉన్న మంచినీళ్ళ కుండ జవాబు చెబుతుంది.

ఎండాకాలంలో కొత్త కుండ కొంటాం. ఇసక పోసి దాని మీద పెడతాం. కుండ పైన సన్నగా తడి ఊరుతుంది. గాలి తగిలి ఆ తడి ఆరుతుంది. ఆరుతూ ఆరుతూ లోపలి వేడిని తీసుకుపోతుంది. అందుకే లోపలి నీళ్ళు చల్లగా ఉంటాయి. అదే కుండకు పైన రంగు వేశామనుకోండి. తడి బయటికి రాదు. నీళ్ళు చల్లబడవు.

మన ఒళ్ళూ అంతే. చెమట ఊరుతుంది. ఆరుతుంది. ఆరితే ఒళ్ళు చల్లబడుతుంది. లాజారో తన కుండకు రంగు వేసుకున్నాడు.

ఇంకో సంగతి కూడా కుండ చెబుతుంది. గాలి పొడిగా ఉంటే నీళ్ళు బాగా చల్లబడతాయి. సముద్రం పక్క ఊళ్ళలో, ఉక్కపోత రోజుల్లో, అంతగా చల్లబడవు. గాలిలోనే తేమ నిండి ఉంటే తడి ఎలా ఆరుతుంది? అప్పుడు చెమట ధారగా కారుతుంది గానీ ఆరదు. కారిపోయిన చెమట వల్ల ఒళ్ళు చల్లబడదు. ఒంట్లో నీరు మాత్రం పోతుంది. అందుకే 42 డిగ్రీల పొడి ఎండే కాదు, 34 డిగ్రీల ఉక్కపోత కూడా మనిషిని పడెయ్యగలదు.

మరి వేడి ఎక్కడినుంచి వస్తుంది? పైన సూర్యుడి నుంచి ఒక్కటే కాదు. పనిచేసే ఒళ్ళే ఒక పొయ్యి. పరుగెత్తేటప్పుడు, మట్టి తవ్వేటప్పుడు, తట్ట మోసేటప్పుడు మన కండరాలు తిన్న తిండిని కాలుస్తాయి. నాలుగు కట్టెలు కాల్చారనుకోండి. కదలడానికి పనికొచ్చేది ఇంచుమించు ఒక్క కట్టె. మిగతా మూడు కట్టెల వేడీ ఒంట్లో మిగులుతుంది. అందుకే నీడలో కూర్చున్నవాళ్ళకు 32 డిగ్రీలు హాయి. గంటల తరబడి పరుగెత్తేవాడికి అదే ప్రమాదం.

మామూలుగా ఒంటి వేడి 37 డిగ్రీలు. థర్మామీటరు పాత లెక్కలో 98.6. అది 40 దాటి, అంటే పాత లెక్కలో 104 దాటి, మనిషి మతి తప్పితే అదే వడదెబ్బ. అప్పుడు మెదడు, మూత్రపిండాలు, కాలేయం దెబ్బతింటాయి. ప్రాణం పోవచ్చు.

జేబులో ఉల్లిపాయ పెట్టుకుంటే వడదెబ్బ తగలదని కొందరంటారు. చెమటను ఆరబెట్టే పని ఉల్లిపాయ చెయ్యలేదు. దాన్ని మజ్జిగలో నంజుకోండి, అది మంచిది.

ఆడవాళ్ళ పరుగు

ఇప్పుడు 1984కు వద్దాం. అమెరికాలో లాస్ ఏంజిలస్ నగరం. ఆ ఒలింపిక్సులోనే మన పి.టి. ఉష 400 మీటర్ల హర్డిల్స్‌లో సెకనులో నూరో వంతు తేడాతో కంచు పతకం పోగొట్టుకుంది. అదే ఒలింపిక్సులో ఆగస్టు 5న ఆడవాళ్ళకు మారథాన్ పెట్టారు. ఒలింపిక్సులో ఆడవాళ్ళ మారథాన్ అదే మొదటిది. మగవాళ్ళు 1896 నుంచీ పరుగెత్తుతున్నారు. ఆడవాళ్ళకు 88 ఏళ్ళు ఎందుకు పట్టింది?

1928లో ఆడవాళ్ళకు 800 మీటర్ల పరుగు పెట్టారు. చివర్లో కొందరు అలిసిపోయి గడ్డి మీద పడుకున్నారు. దానికి పత్రికలు గోల చేశాయి. ఆడవాళ్ళ ఒళ్ళు ఇలాంటి శ్రమకు తగదన్నారు. ఆ పందెం తీసేశారు. మళ్ళీ పెట్టింది 1960లో. తరవాత కూడా 1984 దాకా ఒలింపిక్సులో ఆడవాళ్ళ పరుగు 1500 మీటర్లు మించలేదు. పొద్దుటినుంచి రాత్రిదాకా చాకిరీ చేసే ఆడదాన్ని "నీ ఒళ్ళు శ్రమకు తగదు" అని ఎవరూ ఆపరు. పందెం అనేసరికి గుర్తొచ్చింది!

అమెరికాలో బోస్టన్ మారథాన్‌కు ఆడవాళ్ళను రానివ్వలేదు. 1966లో రాబర్టా గిబ్ అనే ఆమె పొదల చాటున దాక్కుని, పందెం మొదలవగానే మగవాళ్ళలో కలిసి పరుగెత్తింది. 1967లో కాథరిన్ స్విట్జర్ పూర్తి పేరు రాయకుండా నంబరు తీసుకుని పరుగెత్తింది. నిర్వాహకుడు ఒకాయన దారిలో ఆమె మీదపడి నంబరు లాగబోయాడు. ఆమె ఆగలేదు. 1972లో గానీ అక్కడ ఆడవాళ్ళకు అనుమతి దొరకలేదు.

ఇంత జరిగాక వచ్చిన పందెం అది. 50 మంది బయలుదేరారు. పొద్దున చల్లగానే ఉంది. పొద్దెక్కేకొద్దీ వేడి పెరిగింది. అమెరికా అమ్మాయి జోన్ బెనోయిట్ మొదట్లోనే అందరినీ దాటి ముందుకు వెళ్ళి, 2 గంటల 24 నిమిషాల 52 సెకన్లలో గెలిచింది. జనం చప్పట్లు కొట్టారు.

తరవాత సుమారు ఇరవై నిమిషాలకు గాబ్రియేలా ఆండర్సన్-షీస్ స్టేడియంలోకి వచ్చింది. ఆమెది స్విట్జర్లాండ్. ఉంటున్నది అమెరికాలో ఒక మంచు కొండల ఊరు. మంచు మీద జారే ఆట నేర్పడం ఆమె ఉద్యోగం. వయసు 39. మళ్ళీ ఇలాంటి అవకాశం రాదని ఆమెకు తెలుసు.

దారిలో చివరి నీళ్ళ బల్ల ఆమె అందుకోలేకపోయింది. స్టేడియంలోకి వచ్చేసరికి నడుము ఒక పక్కకు వంగిపోయింది. ఒక చెయ్యి వేలాడుతోంది. ఒక కాలు కొయ్యబారిపోయింది. ఇంకా ఒక్క చుట్టు మిగిలింది. 400 మీటర్లు.

డాక్టర్లు దగ్గరికి వచ్చారు. ఆమె చెయ్యి ఊపి దూరం జరిగింది. ఎందుకంటే అప్పటి నియమం అది. ఎవరైనా ముట్టుకుంటే పందెం నుంచి తీసేస్తారు. డాక్టర్లు పక్కనే నడుస్తూ ఆమెను గమనించారు. ఇంకా చెమట పోస్తోంది కదా, ఫరవాలేదు అనుకుని వదిలేశారు. ఆమె తూలింది. ఆగింది. తల పట్టుకుంది. మళ్ళీ నడిచింది. ఆ ఒక్క చుట్టుకు 5 నిమిషాల 44 సెకన్లు పట్టింది. మామూలుగా ఆమె అంతసేపట్లో కిలోమీటరు దాటి పరుగెత్తగలదు. చివరికి గీత దాటి డాక్టర్ల చేతుల్లో పడిపోయింది. 37వ స్థానం. 2 గంటల 48 నిమిషాల 42 సెకన్లు. వెంటనే వైద్యం చేశారు. రెండు గంటల్లో తేరుకుంది.

స్టేడియం అంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. లోకమంతా ఆమె పట్టుదలను మెచ్చుకుంది. పట్టుదల మాట నిజమే. కానీ ఆమె బతికింది కాబట్టి ఇది వీరగాథ అయింది. లాజారోకూ పట్టుదల ఉంది.

డాక్టర్లు చెమట చూసి వదిలేశారు కదా. ఈ విషయంలో ఇప్పుడు డాక్టర్లు చెప్పేది వేరు. శ్రమ చేస్తూ వడదెబ్బ తగిలిన మనిషికి చెమట పోస్తూనే ఉండవచ్చు. ఒళ్ళు పొడిగా అయ్యేదాకా చూడకూడదు. ఇంట్లో కూర్చున్న ముసలివాళ్ళకు వడదెబ్బ తగిలితే మాత్రం ఒళ్ళు తరచుగా పొడిగా, కాలిపోతూ ఉంటుంది. ఎవరికైనా సరే, అసలు గుర్తు మతి. తూలడం, అడిగినదానికి సంబంధం లేని జవాబు చెప్పడం, ఊరికే కోప్పడటం, తనవాళ్ళను గుర్తుపట్టకపోవడం. ఇవి కనపడితే ఇక ఆలస్యం చెయ్యకూడదు.

గాబ్రియేలా పందెం తరవాత నియమం మార్చారు. డాక్టరు ముట్టుకుని పరీక్ష చేసినా పందెం నుంచి తియ్యరు. పాత నియమం ఉంటే రోగి డాక్టరును చూసి పారిపోవాలి. అదేం నియమం!

ఇంకొక లెక్క చూడండి. 1984లో 50 మంది ఆడవాళ్ళు బయలుదేరితే 44 మంది పూర్తి చేశారు. 1912లో 68 మంది మగవాళ్ళు బయలుదేరితే ఇంచుమించు సగం మంది దారిలోనే ఆగిపోయారు. ఒకరు చనిపోయారు. అయినా "మగవాళ్ళ ఒళ్ళు పరుగుకు తగదు" అని ఎవరూ పందెం తీసెయ్యలేదు.

ముందు చల్లబరచాలి

అమెరికాలో ఫాల్మత్ అని సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊరు ఉంది. అక్కడ ఏటా ఆగస్టులో రోడ్డు పందెం జరుగుతుంది. దూరం 11 కిలోమీటర్లు, పైన కొంచెం. మారథాన్‌లో ఇది నాలుగోవంతు. దూరం తక్కువ కదా అని అందరూ జోరుగా పరుగెత్తుతారు. పైగా ఉక్కపోత. అందువల్ల వడదెబ్బలు ఎక్కువ. 18 ఏళ్ళ పందేల్లో 274 మందికి వడదెబ్బ తగిలినట్టు అక్కడి వైద్యులు లెక్క రాశారు. ఎంతమంది చనిపోయి ఉంటారు?

ఒక్కరు కూడా చనిపోలేదు.

వాళ్ళు చేసిన పని ఏమిటంటే, గీత దగ్గరే ఐసు నీళ్ళ తొట్లు సిద్ధంగా పెట్టుకున్నారు. పడిపోయిన మనిషిని ముందు తొట్టిలో ముంచారు. ఒంటి వేడి దిగాకే ఆస్పత్రి మాట. వడదెబ్బలో ప్రతి నిమిషం లెక్కే. అరగంటలోపు చల్లబరిస్తే మనిషి దక్కుతాడు.

మన దగ్గర ఐసు తొట్లు లేవు. పశువుల తొట్టి ఉంది. బోరు ఉంది. కాలువ నీళ్ళున్నాయి. మనిషిని నీడలోకి మార్చండి. బిగుతు బట్టలు వదులు చెయ్యండి. ప్రాణం ముందు, సిగ్గు తరవాత. ఒకరు 108కి ఫోను చెయ్యండి. వాళ్ళు వచ్చేదాకా ఊరికే చూస్తూ కూర్చోవద్దు. తొట్టి ఉంటే మెడ దాకా నీళ్ళలో ఉంచండి. తల నీళ్ళలోకి జారకుండా ఇద్దరు చంకల కింద పట్టుకోండి. తొట్టి లేకపోతే బిందెలతో ఒంటినిండా నీళ్ళు పోస్తూ, చీర కొంగుతోనో అట్టతోనో గట్టిగా విసరండి. ఒక్క నుదుటి మీద తడిగుడ్డ వేస్తే చాలదు. మతి లేని మనిషి నోట్లో నీళ్ళు పొయ్యకండి. ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జ్వరం మాత్ర వెయ్యకండి. ఇది జ్వరం కాదు, ఆ మాత్ర పనిచెయ్యదు.

పందెంలో ఉన్నవి, పనిలో లేనివి

2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో వడగాడ్పులకు రెండు వేల మందికి పైగా చనిపోయారు. వాళ్ళెవరూ పతకం కోసం పరుగెత్తినవాళ్ళు కారు.

ఇప్పుడు హైదరాబాదులో ఏటా ఆగస్టులో మారథాన్ జరుగుతుంది. ఉద్యోగాలు చేసుకునే ఆడవాళ్ళూ, నడివయసు దాటిన అమ్మలూ వస్తారు. పందెం తెల్లవారకముందే మొదలవుతుంది. దారి పొడుగునా నీళ్ళ బల్లలు ఉంటాయి. డాక్టర్లు ఉంటారు. మరుగుదొడ్లు పెడతారు. ఇష్టంతో, డబ్బు కట్టి పరుగెత్తేవాళ్ళకే ఇన్ని ఏర్పాట్లు చేస్తే, కూలి కోసం ఎండలో పనిచేసేవాళ్ళకు ఎన్ని ఉండాలి? 2005లో వచ్చిన ఉపాధి హామీ చట్టంలో పని చోట తాగే నీళ్ళు, నీడ, మందుల పెట్టె ఉండాలని రాశారు. రాసింది చదవడం వచ్చాక, ఉందో లేదో అడగడం కూడా వస్తుంది.

మరుగుదొడ్డి మాట ఊరికే రాయలేదు. చేలో చాటు ఉండదని, మాటిమాటికీ వెళ్ళాల్సి వస్తుందని, చాలామంది ఆడవాళ్ళు పొద్దుటినుంచీ నీళ్ళు తాగరు. ఎండలో పనిచేసే ఒంట్లోంచి గంటకు లీటరు చెమట పోవచ్చు. నీళ్ళు తాగకపోతే ఆ చెమట ఎక్కడినుంచి వస్తుంది? ముందు తలనొప్పి, తరవాత వాంతి వచ్చినట్టుండటం, కాళ్ళు పట్టెయ్యడం. పనిలో ఇరవై నిమిషాలకోసారి ఒక గ్లాసు తాగాలి. దాహం వేసేదాకా ఆగొద్దు. అలాగని ఒక్కసారే కడవ ఎత్తి తాగడమూ మంచిది కాదు. గంటల తరబడి పరుగెత్తేవాళ్ళలో వట్టి నీళ్ళు మరీ ఎక్కువ తాగి, ఒంట్లో ఉప్పు పలచబడి ప్రమాదంలో పడ్డవాళ్ళూ ఉన్నారు. ఉప్పు వేసిన మజ్జిగ, గంజి మంచివి. లీటరు మంచినీళ్ళలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపినా సరే. చెంచాలు గీసినట్టు కొలవాలి, కుప్పగా కాదు.

పరుగెత్తేవాళ్ళ దగ్గర నేర్చుకోవలసినది ఇంకొకటుంది. ఎండాకాలం రాగానే వాళ్ళు పూర్తి దూరం పరుగెత్తరు. మొదటి రోజు కొంచెం, మర్నాడు ఇంకొంచెం. వారం, రెండు వారాల్లో ఒళ్ళు ఎండకు అలవాటు పడుతుంది. చెమట త్వరగా పోస్తుంది. అందులో ఉప్పు తక్కువ పోతుంది. వడదెబ్బలు ఎక్కువగా మొదటి రోజుల్లోనే తగులుతాయి. పురిటి తరవాతో, జ్వరం పడి లేచాకో పనికి వచ్చిన మనిషిని మొదటి రోజే మిగతావాళ్ళతో సమానంగా పని చెయ్యమనడం తప్పు. జట్టులో మనమే ఆమె వంతు కొంత పంచుకోవచ్చు. తలనొప్పిగా ఉందని ఆమె గట్టు మీద కూర్చుంటే "నాటకాలు" అనకండి.

మాట్లాడుకోండి

లాజారో ఒంటికి పూసుకున్నది అతనికి ఎలా కీడు చేసింది? కుండను చూపించి పక్కవారికి చెప్పండి.

గాబ్రియేలాను డాక్టర్లు ఆపి ఉండాల్సిందా? ఆపాలనేవాళ్ళు ఒక పక్క, వద్దనేవాళ్ళు ఒక పక్క కూర్చుని వాదించండి.

మీరు పనిచేసే చోటినుంచి తాగే నీళ్ళు ఎన్ని అడుగుల దూరంలో ఉన్నాయి? నీడ ఎన్ని అడుగులు? చాటు ఎన్ని అడుగులు? రేపు నడిచి లెక్కపెట్టి, మూడు అంకెలూ ఇక్కడ రాయండి.